కొండకి ఎన్ని ప్లీట్లు

మార్చి 3, ఆదివారం

నా వంతు వచ్చింది. ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పలేదు, ముందు ఇది రాస్తున్నాను.

ఈ నెల ఆఖరి ఆదివారం మా కొండ గుంపు ఎటు నడవాలో నేను తేల్చాలి. మా ఊరికి మూడు వైపులా కొండలే. పొద్దున బస్సెక్కి ఏదో ఒక కొండ కింద దిగడం, నడవడం, సాయంత్రం నాలుగింటి బస్సుకి వెనక్కొచ్చేయడం. నెలకొకరి వంతు. డ్రిల్లు మేష్టారు రిటైరై పదేళ్ళయినా మెడలో విజిల్ తియ్యని మనిషి. ఇవాళ ఆయన నోట్‌బుక్కు తెరిచి, వేలు కిందికి జరుపుకుంటూ వచ్చి నా దగ్గర ఆపారు. ఈసారి చిన్న టైలరమ్మ అన్నారు. పెద్ద టైలరమ్మ మా అక్క.

ఎగిరి గంతేశాను. నలభై ఆరేళ్ళదాన్ని, పదమూడుమంది ముందు. మందులషాపాయన నవ్వి, మోకాళ్ళకి ఆయింట్‌మెంట్ ఇప్పుడే పక్కన పెట్టనా అని అడిగాడు.

గుంపుకో రూలుంది. దారి ఎంచినవాళ్ళు ఆ రోజు అందరికన్నా వెనక నడవాలి. ఎవర్నీ దాటకూడదు. ముందు నడిచేవాడికి తను ఎంచిన దారి ఎప్పుడూ బ్రహ్మాండంగానే ఉంటుంది, వెనక నడిస్తేనే అది నెమ్మదిగా నడిచేవాళ్ళని ఏం చేసిందో తెలుస్తుంది అంటారు మేష్టారు. విజిల్ కూడా ఆ ఒక్క రోజు వాళ్ళ మెడలోకే వస్తుంది. ఆ విజిల్ కోసమే సగం సంబరం నాకు.

మిగతా సగం ఎవరికీ చెప్పను, ఇక్కడ రాసుకుంటాను. ఆ రోజు అక్క రావాలి. గుంపు పెట్టిన నాటినుంచి ఉన్న మనిషి. ఎనిమిది నెలలుగా రావడం మానేసింది. నాతో మాట్లాడ్డం మానేసీ ఎనిమిది నెలలే.

మార్చి 4, సోమవారం

అక్కదీ నాదీ ఒకటే షాపు. రెండు మిషన్లు ఎదురెదురుగా, మధ్యలో కటింగు టేబులు. తలెత్తితే అక్క ముఖమే. స్కూలు యూనిఫారాలు, గుమాస్తాల ప్యాంట్లు, కర్టెన్లు. పనిలో ఏ లోటూ రాలేదు. మాటే లేదు.

మా ఆయన నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరు. డ్యూటీ దిగి షాపుకొస్తే పాపం ఆయన్ని పోస్టుడబ్బాలా వాడుకుంటాం. మరిదిగారూ, నల్లదారం అయిపోయిందని మీ ఆవిడకి చెప్పండి అంటుంది అక్క. నేను నాలుగడుగుల దూరంలో ఉంటాను. ఆయన నా వైపు తిరిగి, వదినగారు నల్లదారం అయిపోయిందంటున్నారు అంటాడు. తెచ్చి రెండ్రోజులైంది, డ్రాయర్లో ఉందని చెప్పండి అంటాను. ఆయన అటు తిరుగుతాడు. ఏదో ఒక రోజు తన మెడ పట్టేస్తుందని ఆయన గోల.

ఇవాళ ప్యాంటు పొట్టి చేయించుకోడానికొచ్చిన బ్యాంకాయనతో కావాలనే గట్టిగా చెప్పాను, ఈ నెల కొండదారి నేనే ఎంచుతున్నానని. అక్క పెడల్ ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ నడిచింది. ఆగింది మాత్రం నిజం. నేను విన్నాను.

మార్చి 6, బుధవారం

లైబ్రరీ నుంచి మ్యాపు తెచ్చాను. పక్కదుప్పటంత ఉంది. మంచం మీద పరిచి దాని మీదే బోర్లా పడుకుని చూశాను. మా ఆయన అన్నం ఎప్పుడని రెండుసార్లు అడిగాడు, తర్వాత ఆయనే వండుకున్నాడు.

మూడు దారులు తేల్చాను. ఒకటి జలపాతం దారి. అందరూ వెళ్ళేదే, చిప్స్ ప్యాకెట్లూ సీసాలూ, నాకొద్దు. రెండు గొర్రెలదారి. పచ్చిక మీదుగా పోయి పాత రాతిగుడిసె దగ్గర ఆగుతుంది. ముసలాళ్ళ దారి. మూడోది మూడు మూపుల కొండ. మ్యాపు మీద చూస్తుంటేనే ఒళ్ళు పులకరించింది. ఇటు బస్సు దిగి, మూడు మూపులూ దాటి, అటు మెయిన్ రోడ్డు మీద తేలడం. గుంపులో ఇంతవరకూ ఎవరూ దాన్ని ఎంచలేదట. అంటే నాకోసమే ఆగింది.

మార్చి 7, గురువారం

కొలిచేశాను. షాపులోనే, మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు. మ్యాపుని కటింగు టేబుల్ మీద పరిచి, తెల్లదారం తీసి దారి వెంబడే వంపు వంపుకీ గుండుసూది గుచ్చుతూ వేశాను. మెడపట్టీ గుండ్రం కొలిచేది ఇలాగే. దారం తీసి టేపు వెనకవైపు పెడితే సరిగ్గా పద్దెనిమిది సెంటీమీటర్లు. రెండు సెంటీమీటర్లకో కిలోమీటరు. తొమ్మిది కిలోమీటర్లు. నేను రోజూ షాపుకీ ఇంటికీ మార్కెట్‌కీ కలిపి ఆరు నడుస్తాను. మధ్యలో తిండితో కలిపి మూడున్నర గంటలు. నాలుగింటి బస్సుకి ముందు ఒక కునుకు కూడా తియ్యొచ్చు.

మ్యాపు నిండా గోధుమరంగు సన్నగీతలు, ఎంబ్రాయిడరీలాగా. అందం కోసం వేసినట్టున్నారు.

అక్క కళ్ళజోడు మీంచి చూస్తూనే ఉంది. చూడనీ.

మార్చి 9, శనివారం

ఒళ్ళు మండిపోతోంది.

పొద్దున షాపు తీసేసరికి నా మిషన్ మీద ఒక గుడ్డముక్క ఉంది. బూడిదరంగు, స్కూలు స్కర్టుల గుడ్డ. ఆరంగుళాల ముక్క, దానికి మూడు ప్లీట్లు పెట్టి, టాకా వేసి, ఇస్త్రీ కూడా చేసి ఉంది. పైన తెల్లదారం ఒకటి ఈ చివర్నించి ఆ చివరికి అడ్డంగా కుట్టి ఉంది. ఆ పని అక్క తప్ప ఇంకెవరూ చెయ్యరు. ప్లీటు అంచు కత్తిలా ఉంది.

నాకు ప్లీట్లు పెట్టడం రాదని చెప్పడమన్న మాట. ఇరవై రెండేళ్ళు కుట్టాక. నోటితో అనడం మానేసి ఇప్పుడు గుడ్డతో అంటోంది. ముక్క తీసుకెళ్ళి అక్క చూస్తుండగానే పీలికల సంచిలో పడేశాను. అక్క తల వంచుకుని కాజాలు కుట్టుకుంది.

అసలు గొడవ వచ్చింది కూడా స్కర్టుల దగ్గరే. పోయిన జులైలో నేను కత్తిరించిన నలభై స్కర్టులు ఒక అంగుళం పొట్టి వచ్చాయి. తప్పు నాదే. కానీ అక్క హెడ్‌మిస్ట్రెస్ ముందు, ఇకనుంచి దీని కొలత ప్రతిదీ నేను మళ్ళీ కొలిచి పంపుతానండీ అంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. తల కొట్టేసినట్టయింది. దానికి నేనూ ఒక మాట అన్నాను. అదిప్పుడు రాయను.

మార్చి 10, ఆదివారం

బస్టాండు దగ్గర గుంపు బోర్డు మీద నా చేత్తో రాశాను. మార్చి 31, మూడు మూపుల కొండ, తొమ్మిది కిలోమీటర్లు, మూడున్నర గంటలు. వచ్చేవాళ్ళు కింద పేరు రాయండి. మేష్టారు చదివి గడ్డం గోక్కుని, వచ్చే ఆదివారం ట్రయల్ నడుస్తావు కదా అన్నారు. నడుస్తానన్నాను. ట్రయల్ వెయ్యకుండా నేను కుట్టిన బట్ట ఎవరికీ ఇవ్వను.

మార్చి 12, మంగళవారం

కొత్త బూట్లు. ఎరుపు లేసులు.

మార్చి 17, ఆదివారం, రాత్రి ఎనిమిది

మంచం మీంచి రాస్తున్నాను. కాళ్ళు నావి కావు.

తొమ్మిదింటికి నేనూ మా ఆయనా బస్సు దిగాం. మొదటి మూపు ఎక్కేదాకా పాటలు పాడాను. గాలి, పైన గద్ద, కింద మా ఊరు గుప్పెడంత. ఈ ఊళ్ళోనే పుట్టి ఇన్నేళ్ళూ మిషన్ ముందు కూర్చున్నానే అనిపించింది. ఏడుపొచ్చింది, సంతోషంతోనే. మూపు మీదికి చేరేసరికి పదకొండున్నర. ఇంకో గంటలో అటువైపు రోడ్డు చేరాలి నా లెక్కన.

రెండో మూపు ఎదురుగానే ఉంది, చెయ్యి చాస్తే అందేలా. కానీ దానిమీదికి వెళ్ళాలంటే ముందు దిగాలి. దిగాం. ఎంత ఎక్కామో అంతా దిగాం. మళ్ళీ ఎక్కాం. మా ఆయన ఒక రాయి మీద చతికిలబడి, ఇది నడక కాదే, మెట్లబావి అన్నాడు. రెండో మూపు మీద కూర్చుని గుడ్లూ బ్రెడ్డూ తిన్నాం. అప్పటికి రెండు. మూడోదానికి మళ్ళీ దిగడం.

మెయిన్ రోడ్డు మీద తేలేసరికి ఆరు. నాలుగింటి బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. పాలవ్యాను అతను జాలిపడి ఎక్కించుకున్నాడు. మా ఆయన క్యాన్ల మధ్య కూర్చుని బూట్లు విప్పుకున్నాడు. తర్వాత, తొమ్మిది కిలోమీటర్లు తొమ్మిదే కదా, మరి రోజంతా ఎక్కడికి పోయింది అని అడిగాడు. దెప్పడానికి కాదు, నిజంగానే అడిగాడు.

నాకు జవాబు తెలుసు. వ్యాను మలుపు తిరిగి మూడు మూపులూ పక్కనుంచి ఒక్కసారిగా కనిపించినప్పుడే తెలిసింది. రేపు చూడాలి.

మార్చి 18, సోమవారం

అక్క రాకముందే షాపు తీసి పీలికల సంచి నేలమీద కుమ్మరించాను. పీలికలు పట్టుకెళ్ళే పరుపులాయన ఈ వారం రాలేదు, నా అదృష్టం. అడుగున దొరికింది.

టాకా విప్పాను. ఆరంగుళాల ముక్క సాగి పద్దెనిమిది అంగుళాలైంది. మూడు మూపులు, మూడు ప్లీట్లు. పైన అడ్డంగా కుట్టిన తెల్లదారం నేను మ్యాపు మీద వేసిన దారం. అది మడతల పైపైన పోతుంది. మడతల్లోకి దిగదు.

ప్లీటు స్కర్టుకి నడుం చుట్టుకొలతకి మూడింతలు గుడ్డ కావాలి. ఇది నేను కొత్తగా పనికొచ్చిన అమ్మాయిలకి మొదటిరోజు చెప్పే పాఠం. అదే నేను కొండని దుప్పటిలా పరిచి కొలిచాను. ఈ తప్పు వేరే ఎవరన్నా చేస్తే క్షమించొచ్చు, నేను టైలరుని.

అక్క ఎనిమిదేళ్ళుగా ఆ కొండల్లో తిరిగిన మనిషి. నా దారం చూడగానే తెలిసిపోయుంటుంది. నోరు విప్పి చెప్పలేక, రాత్రి కూర్చుని ప్లీట్లు పెట్టి, ఇస్త్రీ చేసి, నా మిషన్ మీద పెట్టింది. నేను దాని కళ్ళముందే చెత్తలో వేశాను.

ఆ రోజు నేనన్న మాట రాస్తాను. రాయకపోతే ఈ డైరీ ఎందుకు. నీకు పిల్లల్లేరు కాబట్టి నన్ను పిల్లని చేసి ఆడిస్తున్నావు అన్నాను. హెడ్‌మిస్ట్రెస్ ముందే. నోరు జారడం కాదు, ఏరి మరీ అన్నాను. అక్క అప్పుడు చేతిలో ఉన్న టేపు చుట్టి డబ్బాలో పెట్టింది. అంతే, ఆ తర్వాత నాతో మాట లేదు.

మార్చి 19, మంగళవారం

బోర్డు దాకా వెళ్ళాను. తొమ్మిది పేర్లున్నాయి. తిరిగొచ్చేశాను.

మార్చి 20, బుధవారం

మళ్ళీ వెళ్ళాను. పొద్దున తొమ్మిదింటికి, బస్టాండు కిటకిటలాడే టైము. ఎవరూ లేనప్పుడు వెళ్ళొచ్చు, కానీ అది దొంగతనంలా ఉంటుంది. నన్ను హెడ్‌మిస్ట్రెస్ ముందు అన్నదనే కదా నా ఏడుపంతా.

మూడు మూపుల కొండ మీద అడ్డగీత కొట్టి పక్కన పెద్దక్షరాలతో రాశాను. నా కొలత తప్పు. ఇది మూడున్నర గంటల దారి కాదు, తొమ్మిది గంటల దారి. వేరే దారి శనివారం రాస్తాను. చిన్న టైలరమ్మ.

టీకొట్టతను చదివి, కొలత తప్పని రాసిన టైలర్ని మొదటిసారి చూస్తున్నానమ్మా అన్నాడు. ఏడవలేక నవ్వాను. ఇక నా దగ్గర ప్యాంటు కుట్టిస్తాడో లేదో.

షాపుకొచ్చేసరికి చెవులు వేడెక్కి ఉన్నాయి. కానీ ఒళ్ళు తేలిగ్గా ఉంది. మధ్యాహ్నం అక్క భోజనానికెళ్ళి మామూలుకన్నా పావుగంట ఆలస్యంగా వచ్చింది. బోర్డు అటువైపే. కళ్ళజోడు పెట్టుకుని పనిలో పడింది. నేనూ తలెత్తలేదు.

మార్చి 22, శుక్రవారం

మేష్టారి ఇంటికెళ్ళి గోధుమగీతల సంగతి అడిగాను. అందం కోసం కాదట. ఒక్కో గీత దాటితే ఇరవై మీటర్లు ఎక్కినట్టో దిగినట్టో. గీతలు దగ్గరగా ఉంటే నిటారు. ఆయన చెప్తుంటే ఎగిరి కుర్చీ అంచుకొచ్చాను. ప్లీట్లే కదండీ ఇవి అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, అవునవును అన్నారు.

ఇంటికొచ్చి దారానికి బదులు గీతలు లెక్కపెట్టాను. మూడు మూపుల కొండకి ఎక్కడానికే అరవై రెండు. మా ఆయనకి చూపించాను. తన కాళ్ళు ఆ లెక్క ముందే చెప్పాయన్నాడు.

గొర్రెలదారికి పదిహేను. అవీ దూరం దూరంగా, వదులు కుచ్చుల్లాగా. ముప్ఫై ఏళ్ళు పెడల్ తొక్కిన అక్క మోకాలు కూడా ఎక్కుతుంది. ముసలాళ్ళ దారని మొన్న రాసిందెవరో మరి. నాకిప్పుడు దాన్ని మించిన దారి లేదనిపిస్తోంది. మ్యాపు చూస్తుంటే మళ్ళీ అదే పులకరింత. రాతిగుడిసె పక్కన నీలంగా ఊట గుర్తు కూడా ఉంది, ఇన్నాళ్ళూ చూడనే లేదు.

మార్చి 24, ఆదివారం

ట్రయల్. ఎక్కడానికి రెండుగంటలు, దిగడానికి గంటన్నర, అదీ నేను కావాలని కుంటుతూ నడిస్తే. కుంటడం ఎందుకని మా ఆయన అడిగాడు. కొలత తీసుకుంటున్నానన్నాను. ఆయన ఇంకేం అడక్కుండా నా పక్కనే కుంటడం మొదలుపెట్టాడు. దార్లో గొర్రెలు ఆగి చూశాయి మమ్మల్ని.

మార్చి 26, మంగళవారం

బోర్డు మీద గొర్రెలదారి కింద పదకొండు పేర్లు. పన్నెండోది లేదు.

మార్చి 28, గురువారం

ఉంది. ఆఖర్న, పెన్సిల్‌తో. పెద్ద టైలరమ్మ. కాజా కుట్టినట్టుండే ఆ అక్షరాలు నేను చీకట్లో అయినా పోలుస్తాను. బస్టాండు నుంచి షాపు దాకా పరుగెత్తాను. గుమ్మం దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, ఏమీ తెలియనట్టు లోపలికెళ్ళి బాబిన్ చుట్టుకున్నాను. రెండుసార్లు తెగింది.

మార్చి 31, ఆదివారం, ఉదయం 5.30

మబ్బు లేదు. బ్రెడ్డు, గుడ్లు, నారింజలు, అక్క మోకాలికి కట్టు ఒకటి. అది సంచి అడుగున దాచాను.

మార్చి 31, సాయంత్రం

అంతా వరసగా రాయాలి.

మేష్టారు బస్సు దిగగానే విజిల్ తీసి నా మెడలో వేశారు. అందరూ వరసగా బయల్దేరారు. అక్క తనంతట తనే ఆఖర్న నిలబడింది. దాని వెనక నేను. దాటడానికి వీల్లేదు, రూలు. అంటే రోజంతా నా కళ్ళముందు అక్క వీపు.

వేసుకున్నది బూడిదరంగు కోటు. నేను కుట్టిందే. పనిలో చేరిన ఏడాది, నా మొదటి కాలరు. కాలరు కింద కుట్టు వంకరగా పోయింది, వేలెడు మేర. ఊళ్ళోవాళ్ళ బట్టల్లో నూలుపోగు పక్కకి పోతే విప్పి కుట్టే మనిషి. ఇన్నేళ్ళూ ఆ వంకర అలాగే ఉంచుకుంది. ఎక్కుతున్నంతసేపూ అదే చూశాను. పచ్చికా గాలీ బావున్నాయని అందరూ అన్నారు, ఉండే ఉంటాయి.

గుడిసెకి ఇంకో పావుగంట ఉందనగా అక్క ఒక రాతి మీద కూర్చుంది. మోకాలు పట్టుకుంది. నేను విజిల్ ఊదాలి, ముందువాళ్ళు ఆగాలి. నోటి దగ్గర పెట్టుకున్నాను. అక్క చెయ్యి ఊపింది, వద్దని. ఊదలేదు. వాళ్ళ మాటలు మలుపు తిరిగి వినపడకుండా పోయాయి. ఇక మేమిద్దరమే.

సంచిలోంచి మోకాలి కట్టు తీసి ఇచ్చాను. తీసుకుంది. కట్టుకుంటూ ఉంటే, దాని తల వంచి ఉన్నప్పుడే చెప్పేశాను. నేనన్నది తప్పక్కా అన్నాను. ఆ మాట నేను కావాలనే అన్నాను, నీకు ఎక్కడ తగులుతుందో తెలిసే అన్నాను, తప్పు అన్నాను. ప్లీట్లముక్క చెత్తలో వేసింది కూడా తప్పు. అది ఇప్పుడు నా దగ్గరే ఉంది, జేబులో. తీసి చూపించాను కూడా. ఏడుస్తున్నాను అప్పటికే, ముక్కు తుడుచుకోడానికి ఆ ముక్కే దొరికింది.

అక్క మోకాలి కట్టు ముడి బిగించింది. తర్వాత నా కాళ్ళ వైపు చూసింది.

లేసు ఊడింది, కట్టుకో అంది.

ఎనిమిది నెలల తర్వాత మొదటి మాట. కూర్చుని కట్టుకున్నాను. కట్టుకునేదాకా ఆగింది. బూట్లు ఒక సైజు పెద్దవి, ఎవరు కొలిచారే నీ పాదం అంది. నేనే అన్నాను. అనుకున్నానంది.

ఇక అక్కణ్ణించి ఆగలేదు. గుడిసె దాకా, గుడిసె దగ్గర నారింజ ఒలుస్తూ, దిగుతున్నంతసేపూ. నల్లదారం నేను పిసినారితనంగా తెస్తున్నానట, మా ఆయన చిక్కిపోయాడట, హెడ్‌మిస్ట్రెస్ కొత్త ఆర్డరు నలభై స్కర్టులట. వెనక్కి తిరక్కుండా మాట్లాడుతుంది, నేను దాని కాలరుకి జవాబులు చెప్తాను. ఊట నీళ్ళు తాగేటప్పుడు ఒక్కసారి మాత్రం, నువ్వలా అన్నావని కాదు, అది నిజమేనేమోనని రోజూ అనుకున్నానే అంది. కాదక్కా అన్నాను. సరే, నీళ్ళు తాగు అంది.

మూడుంబావుకి రోడ్డు మీదున్నాం. బస్సుకి ముప్పావుగంట ముందు. మేష్టారు నోట్‌బుక్కులో టైము రాసుకుని, చిన్న టైలరమ్మ కొలత కరెక్టు అని పైకే చదివారు. అక్క వినలేదన్నట్టు బస్సు వచ్చేవైపు చూసింది.

బస్సులో మా ఆయన మా ఇద్దరి మధ్య కూర్చోబోయాడు, అలవాటుకొద్దీ. అక్క ఆయన్ని వెనక సీటుకి పొమ్మంది.

ఏప్రిల్ 2, మంగళవారం

స్కర్టులు నలభై. నేను కత్తిరించిన ప్రతిదీ అక్క టేపు పెట్టి మళ్ళీ కొలిచింది. కొలవనిచ్చాను. నలభైకి నలభై సరిపోయాయి. తప్పు ఒక్కటీ దొరకలేదని అక్క ముఖం మాడ్చుకుని కూర్చుంది.

రేపటి ప్యాంట్లలో ఒకటి అరంగుళం ఎక్కువ పెడతాను.